అబ్బా వాచీ, బాల్ కమానీ

అమ్మీకి నేను ఏడు నెలలు ఝూట్ చెప్పాను. "వాచీ షాపులో ఇచ్చినా అమ్మీ, సామాను దొరకలేదంట, వచ్చే ఇత్వార్ ఇస్తరంట" అని. నిజానికి వాచీ నా అల్మారాలోనే, పాత అత్తరు డబ్బాలో, ముక్కలు ముక్కలుగా పడి ఉంది. ముక్కలు చేసింది కూడా నేనే.

అది అబ్బా వాచీ. హెచ్ఎంటీ జనతా. 1979లో నికాహ్ రోజు మా నానా మిర్యాలగూడలో సలామీగా పెట్టింది. ఆ రోజుల్లో మన ఇళ్లల్లో దుల్హాకు వాచీ, సైకిలు, రేడియో పెడితే పెద్ద ఇజ్జత్. రేడియో ఎప్పుడో పోయింది. సైకిలు నేను నేర్చుకునేటప్పుడు విరగ్గొట్టాను. వాచీ మాత్రం అబ్బా చేతికి ఉండిపోయింది. అబ్బా కోదాడ డిపోలో ఆర్టీసీ డ్రైవరు. హైదరాబాదు, విజయవాడ రోడ్డు 9వ నంబరు హైవేగా ఉన్నప్పటి నుంచి అది 65 అయ్యేదాకా ఆ వాచీ స్టీరింగు మీదే తిరిగింది. వజూ చేసేటప్పుడు విప్పి టోపీలో వేసేవాడు. నమాజు అయ్యాక టోపీ తీస్తే వాచీ కింద పడుతుందేమోనని మేమంతా చూసేవాళ్లం. టోపీ తలకు పెట్టుకునే ముందే వాచీ జేబులోకి పోయేదని మాకు పెద్దయ్యేదాకా తెలియలేదు.

అబ్బా ఇంతెఖాల్ అయ్యాక ఆరేళ్లు అమ్మీ రోజూ ఫజర్ చదివి, జానమాజ్ మడిచి, ఆ వాచీకి చాబీ ఇచ్చేది. చేతికి పెట్టుకునేది కాదు. చాబీ ఇచ్చి, ఒకసారి చెవి దగ్గర పెట్టుకుని, ఖురాన్ షరీఫ్ ఉండే తాఖ్ పక్కన మేకుకు తగిలించేది. ఒక పొద్దున ఆగిపోయింది. నేను కోదాడ పోయినప్పుడు చేతిరుమాల్లో చుట్టి ఇచ్చి, "సూర్యాపేటలో ఎవరికన్నా చూపించు బేటా" అంది. చూపించు అంది. ఇప్పమని చెప్పలేదు.

నేనేమో సైన్సు మాస్టర్ని. ఫోన్లో నాలుగు వీడియోలు చూశాను. చూస్తే ఎంత ఆసాన్‌గా ఉందో! తెల్లవాళ్లు తెల్ల గ్లోవ్స్ తొడుక్కుని చక్రాలు ఒక్కొక్కటే తీసి వరుసగా పెడుతున్నారు, మళ్లీ బిగిస్తున్నారు, వాచీ నడుస్తోంది. 450 రూపాయలకు చిమ్టా, చిన్న పేచ్‌కస్‌లు, కంటి అద్దం ఉన్న సెట్టు తెప్పించాను. ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక దీవాన్ మీద తెల్ల దస్తర్‌ఖాన్ పరిచి కూర్చున్నాను.

ఏం పాడు చేశానో తెలియాలంటే వాచీ లోపలి సంగతి కొంచెం చెప్పాలి. చాబీ తిప్పితే లోపల ఒక చిన్న డబ్బాలో పెద్ద కమానీ చుట్టుకుంటుంది. వాచీకి ఉన్న తాఖత్ అంతా అదే. ఆ జోరు చక్రాల గుండా ఒకదాని నుంచి ఒకదానికి వచ్చి, చివరి చక్రం దగ్గర ఆగుతుంది. అక్కడ లంగరు ఆకారంలో ఒక చిన్న ముక్క ఉంటుంది, పాలెట్ అంటారు. దాని రెండు చేతులకు రెండు యాకూత్ పళ్లు. అది ఆ చక్రాన్ని ఒక్కో పన్ను చొప్పున వదులుతుంది. మనకు వినిపించే టిక్కు టిక్కు అదే. ఆ పాలెట్‌ను అటూ ఇటూ తట్టేది బ్యాలెన్స్ చక్రం. బ్యాలెన్స్‌ను పోయిన దారినే వెనక్కి తెచ్చేది వెంట్రుకలాంటి ఒక చుట్ట, బాల్ కమానీ. జనతాలో ఇది సెకనుకు 5 టిక్కులు, గంటకు 18,000, రోజుకు 4,32,000. ఇంత లెక్కలో రోజుకు అయిదు నిమిషాలు తప్పినా నూటికి అర వంతు కూడా తప్పినట్టు కాదు. మనమేమో "చెడిపోయింది" అంటాం.

నేను మొదట బ్యాలెన్స్ వంతెన ఎత్తాను. చక్రం బాల్ కమానీకి వేలాడింది. కంగారులో చిమ్టాతో పట్టుకున్నాను. కమానీ సాగి, చిమ్టాకు చిక్కుకుని, విడదీసేకొద్దీ బిడ్డ తల్లో పేలు చూసినప్పుడు రాలిన వెంట్రుక లాగా ముడిపడింది. అప్పుడన్నా ఆగాలి కదా. ఆగలేదు. పాలెట్ పేచ్ ఇప్పాను. జర్ర్... మని ఒక చప్పుడు. పెద్ద కమానీలో ఉన్న జోరంతా ఒక్క క్షణంలో చక్రాలన్నిటినీ గిర్రున తిప్పి వదిలేసింది. పాలెట్ ఎగిరి ఎటో పోయింది. దీవాన్ కింద టార్చి పట్టుకుని తహజ్జుద్ వేళ దాకా వెతికాను. దొరికింది, చీపురుకు అంటుకుని. కానీ దాని ఒక కొన విరిగిపోయింది. ఆరేళ్లు అమ్మీ రోజూ దాచిన జోరు అది అనిపించింది. వాచీ ఆగింది జోరు లేక కాదు, లోపల నూనె ఎండిపోయి. అది తర్వాత తెలిసింది.

సూర్యాపేటలో రెండు షాపులు తిరిగాను. సెల్లు మారుస్తాం, బెల్టు మారుస్తాం, చాబీ వాచీలు చూడం అన్నారు. వాళ్లను తప్పు పట్టలేను. రోజంతా కూర్చుని ఒక చాబీ వాచీ కడిగితే వచ్చే డబ్బు పది సెల్లులు మార్చితే గంటలో వస్తుంది. కోదాడలో చిన్నప్పుడు అబ్బాతో పోయిన ఘడీసాజ్ దుకాణం ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. ఆయన కొడుకే నడుపుతున్నాడు. "మిర్యాలగూడలో ఒక చాచా ఉన్నడు, ఉంటే" అన్నాడు.

ఉన్నారు. రైల్వేస్టేషన్ నుంచి ఊళ్లోకి పోయే దారిలో ఒక మెట్టు కింద గాజుపెట్టె, దాని వెనక ఆయన. పేరు రాయొద్దన్నారు కాబట్టి చాచా అనే రాస్తాను. డెబ్బై దాటింది. ఒక కంటికి మోతియాబిందు ఆపరేషన్ అయింది, రెండో కంటికి కావాలి. నా అత్తరు డబ్బా తెరిచి అద్దం పెట్టుకుని చూశారు.

"ఖోలే సో కౌన్?"

"నేనే చాచా."

"కమానీ కా జోర్ ఉతారే క్యా పహ్లే?"

లేదన్నాను. అద్దం తీసి డబ్బా మూత పెట్టేశారు. "ముర్దాకు గుస్ల్ ఇయ్యాలన్నా ఒక తరీఖా ఉంటది మియా. ఇది జిందా చీజ్."

నాకు సిగ్గుతో మాట రాలేదు. చాలాసేపటికి, "లోపలి మిషనంతా మార్చి ఇంకోటి వేస్తరా చాచా?" అని అడిగాను. వేస్తారు, మూడు నాలుగు వందలకు పాత మిషను దొరుకుతుంది, బొంబాయి నుంచి రంగురంగుల కొత్త డయళ్లతో వచ్చే జనతాలన్నీ అట్లా కూర్చినవే అన్నారు. "మగర్ మీ అమ్మీ చెవి దగ్గర పెట్టుకునేది డబ్బానా, మిషనా?" అని అడిగారు. నేను జవాబు చెప్పలేదు. ఆయనే మళ్లీ, "నా కండ్లు పోతున్నయ్. నీ కండ్లు బాగున్నయ్, చేతులే బేకార్. ఇత్వార్ ఇత్వార్ వస్తవా?" అన్నారు. ఎందుకు రమ్మన్నారో అప్పుడు అర్థం కాలేదు.

మొదటి నెల జనతాను ముట్టుకోనివ్వలేదు. ఒక పాత టైంపీసు ఇచ్చి ఇప్పి బిగించమన్నారు. సహ్రీకి లేపే మోటు అలారం. దాని చక్రాలు రూపాయి బిళ్లంత ఉంటాయి. అందులో మొదటి సబఖ్: ఏ పేచ్ ముట్టుకునే ముందైనా కమానీ జోరు దించాలి. చాబీని వేళ్లతో పట్టుకుని, అడ్డం ఉన్న కొక్కెం పక్కకు నెట్టి, చాబీని మెల్లమెల్లగా వెనక్కి పోనివ్వాలి. ఒక్కసారి వదిలితే అయిపోయింది, నా దీవాన్ రాత్రి మళ్లీ. పదిసార్లు ఇప్పాను, పదిసార్లు బిగించాను. పదకొండోసారి ఒక పేచ్ మిగిలింది. చాచా నవ్వి, "మాషా అల్లాహ్, కంపెనీ వాళ్లకన్నా తక్కువ సామానుతో చేసినవ్" అన్నారు.

తర్వాత కడగడం. చిన్న గాజు గిన్నెలో తెల్ల పెట్రోలు పోసి, మూత పెట్టి, ముక్కలు అందులో వేస్తారు. యాకూత్ రంధ్రాలు సన్నగా చెక్కిన పుల్లతో తుడవాలి. వాచీ మీద "17 జ్యూయల్స్" అని రాసి ఉంటే అవేవో విలువైన రాళ్లని చిన్నప్పుడు అనుకునేవాణ్ని. కార్ఖానాలో కాచి చేసిన కెంపులు అవి. కడ్డీలు తిరిగేచోట అరగకుండా పెడతారు. చాచా ఈ మురికిని చూసి మనిషి పనేందో చెప్పేస్తారు. మిర్యాలగూడ రైస్ మిల్లుల గుమాస్తాల వాచీల్లో తవుడు నూనెతో కలిసి మైనంలాగా పేరుకుంటుంది. సాగర్ ఎడమ కాలువలో ఈత కొట్టినవాళ్ల వాచీల్లో తుప్పు. అబ్బా వాచీలో ఏముందో అని భయంగా చూశాను. సన్నటి నల్ల ధూళి. "డీజిల్ పొగ" అన్నారు, నేను అబ్బా డ్రైవరని చెప్పకముందే. చెప్పానేమో, గుర్తులేదు. చెప్పలేదనే అనుకోవడం నాకు ఇష్టం.

నూనె దగ్గర నేను ఎక్కువ తప్పులు చేశాను. ఎక్కువ వేస్తే మంచిదనుకుంటాం మనం, కూరలో వేసినట్టు. వాచీలో నూనె ఎక్కువైతే అది ఉండాల్సిన చోటు వదిలి పారిపోతుంది, దుమ్మును పిలుస్తుంది. సూది మొనకు అంటినంత చాలు. చాచా మాట: కంటికి సుర్మా పెట్టినట్టు, సలాయి తాకీ తాకనట్టు. పాలెట్ కడ్డీలకు అసలే వద్దు. బాల్ కమానీకి నూనె తగిలితే చుట్టలు ఒకదానికొకటి అంటుకుంటాయి, వాచీ పరిగెత్తుతుంది. అయస్కాంతం పట్టినా అంతే. సెల్‌ఫోను స్పీకరు పక్కన, టీవీ మీద పెడితే పడుతుంది. అది తెలుసుకోవడానికి చాచా దగ్గర మిషనేమీ లేదు. హజ్ నుంచి ఎవరో తెచ్చిచ్చిన జానమాజ్‌లో ఉండే ఖిబ్లా కంపాస్. నడుస్తున్న బ్యాలెన్స్ దగ్గరికి దాన్ని తెస్తారు. ముల్లు వణికితే అయస్కాంతం పట్టినట్టు.

ఖిబ్లా అంటే గుర్తొచ్చింది. ఈ పనిలో పడ్డాక ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేశాను. మస్జిద్‌లలో నమాజు వేళలు లెక్కగట్టే ఉద్యోగి ఒకరుండేవారు, మువఖ్ఖిత్ అంటారు. దమిష్క్‌లోని ఉమయ్యద్ మస్జిద్‌లో పధ్నాలుగో శతాబ్దంలో ఆ పని చేసిన ఇబ్న్ అల్ షాతిర్ గొప్ప ఖగోళవేత్త. 1371లో ఆ మస్జిద్ మీనారు మీద నీడ గడియారం అమర్చాడు. తఖియుద్దీన్ పదహారో శతాబ్దంలోనే చక్రాల గడియారాల మీద కితాబు రాశాడు. అజాన్‌కు ముందు వక్త్ కావాలి, వక్త్‌కు ఎవరో ఒకరు కూర్చుని లెక్క చూడాలి. మన మస్జిద్ గోడ మీద జమాత్ వేళలు చూపే ఆరు బొమ్మ గడియారాలు ఉంటాయి చూడండి, ముళ్లు మౌజన్ సాబ్ చేత్తో తిప్పేవి. అవి నడవవు కాబట్టి ఎప్పుడూ రిపేరుకు రావని చాచా పరిహాసం.

చాచా ఈ పనికి వచ్చేనాటికి హెచ్ఎంటీ రాజ్యం. 1961లో బెంగళూరులో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో మొదలైంది. తర్వాత మన హైదరాబాదు ఆల్విన్ వాళ్లు సైకోతో కలిసి వాచీలు చేశారు. 1987లో టైటాన్ క్వార్ట్జ్ వచ్చింది. అందులో బాల్ కమానీ లేదు. ఒక స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. దానితో పోటీకి మన 5 టిక్కులు ఏం నిలబడతాయి! 2016లో కేంద్ర ప్రభుత్వం హెచ్ఎంటీ వాచీల కంపెనీని మూసేయాలని నిర్ణయించింది. విచిత్రంగా, మూతపడ్డాకే షౌఖీన్‌లు పెరిగారట. నాలాంటి షౌఖీన్‌ల మీద ఆయనకు పెద్ద గౌరవం లేదు. "వాళ్లు ఇప్పి తెచ్చినవే ఎక్కువ నా దగ్గర" అన్నారు.

నాలుగో నెలకు నా చేయి కుదిరింది. అబ్బా వాచీ చక్రాలు, వంతెనలు, పెద్ద కమానీ అన్నీ బాగున్నాయి, ఆ రాత్రి గిర్రున తిరిగినా ఒక్క పన్ను పోలేదు. పాలెట్, బ్యాలెన్స్ మాత్రం కావాలి. ఒక ఇత్వార్ చాచా జొహర్‌కు పోయినప్పుడు గాజుపెట్టె కింద బిస్కెట్ల రేకు డబ్బా కనిపించింది. తెరిస్తే నిండా వాచీలు. లెక్కపెట్టాను, 63. ఒక్కోటి కాయితంలో చుట్టి, పైన చీటీ. పేరు, ఊరు, తారీఖు, ఇచ్చిన అడ్వాన్సు. కొన్ని 1999వి, ఎక్కువ 2003, 2004. సగం జనతాలే. ఒకటి తెరిచి చూస్తే బ్యాలెన్స్ తళతళమంటోంది.

చాచా రాగానే అడిగాను. "ఈళ్లింక వస్తరా చాచా? ఇరవై ఏళ్లాయె. ఇందులోది తీసి అబ్బా వాచీలో పెట్టుకుంటా. ఎవరన్నా వస్తే కొత్తది కొనిద్దాం."

ఆయన కూర్చోలేదు. నిలబడే అన్నారు: "ఇక్కడికి రాకపోతే హష్ర్ మైదాన్‌కు వస్తరు. అప్పుడేం చెప్పాలె? ఫలానా మాస్టరు సాబ్‌కు జరూరత్ పడ్డది అని చెప్పాలెనా? ఏ అమానత్ హై మియా. చేసి పెట్టినా, పైసలు ముట్టినయ్. సెల్‌ఫోన్లు వచ్చినయ్, వాళ్లు మరిచిపోయిండ్రు. మరిచిపోయేది వాళ్ల హక్కు. నాది కాదు."

అప్పుడు తెలిసింది నన్నెందుకు రమ్మన్నారో. డబ్బాలోవి కొన్ని చేసినవే, మళ్లీ ఎండిపోయాయి. కొన్ని చేయాల్సినవి, ఆ చీటీల మీద తారీఖులు ఆయన కళ్లు మసకబారాక రాసినవి. పోయేలోపు అన్నీ నడిపించి, ఎవరివి వాళ్లకు చేర్చాలని ఆయన ఆరాటం. ఆయనకు నా కళ్లు కావాలి. సూర్యాపేట వచ్చి మా ఇమామ్ సాబ్‌ను కూడా అడిగాను, నా కోసం ఏదైనా దారి దొరుకుతుందేమోనని, ఒప్పుకుంటాను. ఆయన, "ముందు మనుషుల్ని వెతకండి, లేకపోతే వారిసుల్ని వెతకండి, వెతక్కుండా మస్అలా అడగొద్దు" అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 63 మందిలో ఒక్కరి వాచీ కూడా నేను ముట్టకూడదు, సరే. మరి అత్తరు డబ్బాలోది?

కోదాడ సెల్‌ఫోన్ల దుకాణం గుర్తొచ్చింది. ఆ పిల్లాణ్ని అడిగితే, అబ్బా సామాను అటక మీద ఉందన్నాడు, పారేయబుద్ధి కాలేదట. నిచ్చెన వేసి దించాం. సిగరెట్ డబ్బాల్లో పేచ్‌లు, మందు సీసాల్లో ముళ్లు, ఒక గుడ్డసంచిలో వాళ్ల అబ్బా సామాను కోసం కొనిపెట్టుకున్న తుక్కు మిషన్లు. అందులో ఒక జనతా మిషను, పెద్ద కమానీ తెగింది, పాలెట్, బ్యాలెన్స్ పదిలం. 200 ఇస్తే వద్దన్నాడు. బలవంతంగా ఇచ్చాను. ఇచ్చి తీసుకుంటేనే నాకు మనసు కుదుటపడేలా ఉంది.

తర్వాతి ఇత్వార్ చాచా పక్కన కూర్చోబెట్టి నాతోనే పెట్టించారు. పాలెట్ పెట్టి, కమానీకి రెండు చుట్లు చాబీ ఇచ్చాక, బ్యాలెన్స్ దించాలి. కింద కడ్డీ తన యాకూత్‌లో కూర్చోవాలి, బ్యాలెన్స్ కింది చిన్న రాయి పాలెట్ చీలికలో పడాలి. కనిపించదు, చేతికి తెలియాలి. "బిస్మిల్లా" అని ఊపిరి బిగబట్టాను. మూడుసార్లు కుదరలేదు. నాలుగోసారి వంతెన తనంతట తనే కూర్చున్నట్టయింది, పేచ్ ఇంకా బిగించనే లేదు, చక్రం కదిలింది. అటు, ఇటు. చాచా కళ్లు మూసుకుని చెవి దగ్గర పెట్టుకున్నారు, అచ్చం అమ్మీ పెట్టుకున్నట్టు. "లంగ్డా రహా థోడా" అన్నారు. టిక్‌కూ టాక్‌కూ మధ్య ఎడం సమంగా లేదట. అది సరిచేయడానికి ఇంకో రెండు ఇత్వార్‌లు పట్టాయి. మొదట రోజుకు ఎనిమిది నిమిషాలు ముందు నడిచింది, ఇప్పుడు రెండు నిమిషాలు వెనక. చాచా చేస్తే అరనిమిషంలో ఉండేది. నాది ఇంతే.

కోదాడ పోయి అమ్మీ చేతిలో పెట్టాను. ఆమె చెవి దగ్గర పెట్టుకోకముందే మొత్తం చెప్పేశాను. దీవాన్ రాత్రి, ఝూట్లు, లోపల రెండు ముక్కలు అబ్బావి కావని. అమ్మీ ఏమీ అనలేదు. ఖానా వడ్డించింది, తను తినలేదు. మగ్రిబ్ అయ్యాక అడిగింది: "తీసేసిన తార్ ఏదీ?"

అత్తరు డబ్బాలో ఉంది, ముడిపడిన బాల్ కమానీ, విరిగిన పాలెట్. ఇచ్చాను. కాయితంలో మడిచి తన సుర్మాదానీ పక్కన పెట్టుకుంది. వాచీని మేకుకు తగిలించింది. మర్నాడు ఫజర్ తర్వాత చాబీ చప్పుడు వినిపించింది, నేను దుప్పట్లో నుంచే విన్నాను. నాతో మాట్లాడటానికి ఇంకా రెండు రోజులు పట్టింది.

ఇప్పుడు సెలవు రోజుల్లో చీటీలు పట్టుకుని తిరుగుతున్నాను. 63లో 22 చేరాయి. కొన్ని కొడుకులకు, రెండు బేవాలకు. ఒకామె తలుపు సందులోంచే చేయి చాపి తీసుకుని తలుపేసుకుంది. మొన్న నేరేడుచర్ల పోయాను. చీటీ మీద "సైదులు, నేరేడుచర్ల, 2003, అడ్వాన్సు 20" అని అంతే. జాన్‌పహాడ్ దర్గా పక్కనున్న ఈ ప్రాంతంలో సైదులు అని వెతకడం అంటే ఏమిటో మీకు తెలుసు. హిందువులా, మనవాళ్లా అన్నది కూడా ఆ పేరును బట్టి చెప్పలేం. బస్టాండు దగ్గర చాయ్ హోటల్లో అడిగితే పది నిమిషాల్లో నలుగురు సైదులు పోగయ్యారు. ఎవరిదీ కాదు. చివరి ఆయన, కల్లు గీసే మనిషి, వాచీని చాలాసేపు చూసి, "నాది గాదు సారూ" అని తిరిగిచ్చి, "మా నాయనది ఇసుంటిదే ఒకటి ఇంట్ల ఆగిపోయి ఉన్నది. జర చూస్తవా?" అన్నాడు.

చీటీ రాసి తెచ్చుకున్నాను. చాచా లెక్కలో 42.